మా లీగులో 8–8: ఆగిపోయిన 2021 మే వారాన్ని ఎవరి ఖాతాలో వేయాలి?

లెక్కలపుస్తకం | ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా ఎనిమిది మందిలో ఏళ్ల తరబడి తేలని లెక్క ఒకటి ఉంది. మాతో సంబంధం లేనివాళ్లు, ఆట తెలిసినవాళ్లు చూసి చెబితే బాగుంటుందని ఇక్కడ పెడుతున్నాను.

కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మొదలుపెట్టిన ఫాంటసీ లీగు ఇది, అంటే నిజం ఆటగాళ్లతో ఊహాజట్లు కట్టుకుని, మైదానంలో వాళ్ల ఆటను బట్టి పాయింట్లు వేసుకునే పోటీ. 2011 ఏప్రిల్ 2న ధోని సిక్సుతో ప్రపంచ కప్పు మనదైంది. ఏప్రిల్ 8న ఐపీఎల్ మొదలైంది. ఆ మధ్య ఆరు రోజుల్లోనే హాస్టల్ మెస్సులో కూర్చుని తొలి వేలం జరుపుకున్నాం. 2025 దాకా 15 సీజన్లలో ఒక్కటీ తప్పలేదు. మొదట్లో లెక్కలన్నీ పొడుగు పుస్తకంలో రాసేవాణ్ణి. ఇప్పుడు కంప్యూటర్లో పెడుతున్నాను, కానీ పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది.

మా నియమాలు సులువే. వేలంలో ఒక్కొక్కరం 15 మందిని తీసుకుంటాం. ఒక ఆటగాడు ఒక్కరి దగ్గరే ఉంటాడు. శనివారం తొలి బంతి పడేలోగా 11 మంది జాబితా, కెప్టెన్ పేరు నాకు పంపాలి. బంతి పడ్డాక మార్పు లేదు. పరుగుకు 1, వికెట్టుకు 25, క్యాచ్‌కు 10 పాయింట్లు. కెప్టెన్‌కు రెట్టింపు. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం, ఒక ముఖాముఖి. ఏడు వారాల్లో ప్రతి ఒక్కరూ మిగిలిన ఏడుగురితో ఒక్కోసారి తలపడతారు. పట్టికలో మొదటి ఇద్దరు ఐపీఎల్ ప్లేఆఫ్ వారంలో టైటిల్ కోసం ఆడతారు.

టైటిల్ ఎవరు ఎన్నిసార్లు గెలిచారో మావాళ్లలో సగం మందికి గుర్తులేదు. ఎవరిపై ఎవరిది పైచేయి అన్నది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అందులోనూ గోదావరి గట్టు, పల్నాటి పుంజు (ఇద్దరూ ఈ వేదికలో సభ్యులే) పోరంటే మిగిలిన ఆరుగురం సొంత స్కోరు పక్కనపెట్టి చూస్తాం. లీగులో 14 సార్లు, టైటిల్ పోరులో రెండుసార్లు తలపడ్డారు. ఇప్పుడు 8–8.

ఆ రెండు టైటిల్ పోరుల గురించి చెప్పకుండా ఉండలేను. 2016లో పుంజు దగ్గర కోహ్లి, గేల్ ఇద్దరూ ఉన్నారు. కోహ్లి ఆ ఏడాది 973 పరుగులు చేశాడు, అంతకుముందు ఎవరూ చూడని సీజన్. గట్టు దగ్గర వార్నర్, ఇంకా వేలంలో ఎవరూ చెయ్యెత్తని బెన్ కటింగ్. తొలి క్వాలిఫయర్‌లో కోహ్లి సున్నాకే ధవళ్ కులకర్ణికి దొరికాడు. ఫైనల్లో 209 లక్ష్యానికి గేల్, కోహ్లి తొలి వికెట్టుకే 114 పరుగులు జోడించేసరికి పుంజు గెలిచాడనే అనుకున్నాం. గేల్‌ను 76 దగ్గర ఔట్ చేసింది కటింగే. బ్యాటుతో 15 బంతుల్లో 39 కొట్టింది కూడా అతనే. సన్‌రైజర్స్ 8 పరుగులతో కప్పు గెలిచింది, గట్టు మా టైటిల్ గెలిచాడు.

2019లో లెక్క తిరగబడింది. హైదరాబాద్‌లో ముంబై–చెన్నై ఫైనల్. గట్టు దగ్గర వాట్సన్, పుంజు దగ్గర మలింగ. వాట్సన్ 80 కొట్టాడు. మలింగ తొలి మూడు ఓవర్లలో పరుగులు ధారపోశాడు, వికెట్టే లేదు. ఆఖరి బంతికి ముందు పుంజు 11 పాయింట్లు వెనకబడి ఉన్నాడు. శార్దూల్ ఠాకూర్ ఎల్బీడబ్ల్యూ. ముంబైకి ఒక్క పరుగుతో కప్పు, పుంజుకు 25 పాయింట్లతో టైటిల్.

ఇక అసలు ప్రశ్న. 2021లో వీళ్లిద్దరి ముఖాముఖి మే 1 శనివారం మొదలైంది. ఆ రాత్రి పుంజు ఆటగాడు పొలార్డ్ చెన్నైపై 34 బంతుల్లో 87 నాటౌట్, రెండు వికెట్లు. మర్నాడు గట్టు ఆటగాళ్లు బట్లర్ 124, మయాంక్ అగర్వాల్ 99 నాటౌట్. పుంజు కెప్టెన్ వార్నర్‌ను సన్‌రైజర్స్ తుది జట్టులోకే తీసుకోలేదు, రెట్టింపు చేయడానికి సున్నా తప్ప ఏమీ లేదు. మే 3న కోల్‌కతా–బెంగళూరు మ్యాచ్ వాయిదా పడింది. 4న కరోనా వల్ల టోర్నీయే ఆగిపోయింది. ఆగిన క్షణానికి గట్టు 61 పాయింట్లు ముందున్నాడు.

సెప్టెంబరులో టోర్నీ ఎమిరేట్స్‌లో తిరిగి మొదలైంది. మే 3 నాటి మ్యాచ్ సెప్టెంబర్ 20న జరిగింది. ఎవరికి పాజిటివ్ రావడం వల్ల ఆ మ్యాచ్ ఆగిందో ఆ వరుణ్ చక్రవర్తే 13 పరుగులకు 3 వికెట్లు తీశాడు. అతను పుంజు ఆటగాడు. గట్టు కెప్టెన్ కోహ్లి 5 పరుగులకే ఔటయ్యాడు. మే 4 నాటి మ్యాచ్ అక్టోబర్ 8న జరిగింది. పుంజు ఆటగాడు సూర్యకుమార్ 82 కొట్టాడు.

కాబట్టి దారులు మూడు. ఆగినచోటే తేల్చితే గట్టుకు గెలుపు. వాయిదా మ్యాచ్‌లు కలిపితే పుంజు తేలిగ్గా గెలుస్తాడు. రద్దు చేస్తే ఎవరికీ లేదు. అప్పట్లో పట్టికలో అందరికీ చెరొక పాయింటు ఇచ్చి ముందుకు సాగాం, టైటిల్‌కు తేడా పడలేదు. వీళ్లిద్దరి గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. అప్పుడు వాళ్ల మధ్య అంతరం ఎక్కువ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు 8–8 అయ్యేసరికి ఆ ఖాళీ గడి మా అందరి కళ్లలో పడుతోంది.

ఉప్పల్ ఉత్తరం | ఆదివారం రాత్రి 9:48

ఆగినచోటే తేల్చాలి. పడిన బంతిని ఎవరూ చెరపలేరు.

ఇలా చెప్పే హక్కు నాకుంది. మాది హైదరాబాద్‌లో పది మంది లీగు. 2019 ఏప్రిల్ 6న నేను ఉప్పల్ స్టేడియంలో ఉన్నాను. నా కెప్టెన్ వార్నర్, తోడుగా బెయిర్‌స్టో. సన్‌రైజర్స్ లక్ష్యం 137. ఆ వారం నా ప్రత్యర్థి మా పట్టికలో అట్టడుగున ఉన్నాడు. మధ్యలో వచ్చే ఆటగాళ్లను తీసుకునే మొదటి హక్కు మా దగ్గర అట్టడుగున ఉన్నవారిదే. గాయపడిన మిల్న్ స్థానంలో ముంబై పిలిపించిన అల్జారి జోసెఫ్‌ను అతను ఆ హక్కుతో తీసుకున్నాడు. ఆ కుర్రాడు ఐపీఎల్‌లో వేసిన తొలి బంతికే వార్నర్‌ను బౌల్డ్ చేశాడు. 12 పరుగులకు 6 వికెట్లు, సన్‌రైజర్స్ 96కు ఆలౌట్. ఆ వారం మా పది మందిలో నాది రెండో అత్యధిక స్కోరు. అయినా ఓడిపోయాను, ఎందుకంటే మొదటి స్కోరు నా ఎదురుగా ఉన్నవాడిది.

ఆ వారం రద్దయి ఉంటే బాగుండునని నాకు మాత్రం అనిపించదా? అయినా అది నా ఓటమే. అతనితో నా లెక్క ఇప్పుడు 3–6, ఆ ఆరింటిలో అదీ ఒకటి.

వేదిక నిర్వాహకుడు | ఆదివారం రాత్రి 10:05

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక్క మనవి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం ఉంది. 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. ప్రవేశ రుసుములు, బహుమతి సొమ్ము గురించి ఇక్కడ రాయవద్దు.

లెక్కలపుస్తకం | ఆదివారం రాత్రి 10:12

మా లీగులో రూపాయి కూడా చేతులు మారదు. ముఖాముఖిలో ఓడినవారు గెలిచినవారికి ఒక కిలో గొట్టం కాజా పంపాలి, అది కూడా కాకినాడ నుంచే తెప్పించాలి. 2011 నుంచి అదొక్కటే పందెం.

డల్లాస్ మేడ | ఆదివారం రాత్రి 11:30

మాది అమెరికన్ ఫుట్‌బాల్ లీగు. 12 మందిమి, అందులో ఏడుగురు తెలుగువాళ్లు. మీకు వచ్చిన చిక్కే మాకూ వచ్చింది, అదీ ఏకంగా ఫైనల్లో.

2023 జనవరి 2, సోమవారం రాత్రి. సిన్సినాటిలో బఫెలో బిల్స్, బెంగాల్స్ మ్యాచ్. మా ఫైనల్ ఆడుతున్న ఇద్దరిలో ఒకరి దగ్గర బిల్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) జాష్ ఆలెన్ ఉన్నాడు. అప్పటికి ఆయన 14 పాయింట్లు వెనక, ఆలెన్ ఉన్నాడు కాబట్టి ధీమాగానే ఉన్నాడు. తొలి క్వార్టర్లోనే బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలో కుప్పకూలిపోయాడు. అక్కడే ఛాతీ నొక్కుతూ ప్రాణం నిలిపారు. టీవీ ముందు ఎవరి నోటా మాట లేదు. ఆ మ్యాచ్‌ను మళ్లీ ఆడించలేదు, పూర్తిగా రద్దు చేశారు. ఆ ఏడాది చాలా లీగుల ఫైనళ్లు ఆ వారంలోనే పడటంతో, ఎవరి లీగులో వాళ్లు తీర్పు వెతుక్కోవాల్సి వచ్చింది.

మా నిర్వాహకుడు ఎవరినీ ఓటు అడగలేదు. ఆ ఇద్దరినీ ఫోనులో కలిపి "మీరే చెప్పండి" అన్నాడు. ఇద్దరూ టైటిల్ పంచుకున్నారు. ముఖాముఖి లెక్కలో ఆ గడి నేటికీ ఖాళీయే. హామ్లిన్ కోలుకుని తర్వాతి సీజన్లో మళ్లీ మైదానంలోకి దిగాడు.

నా మాట రద్దుకే. సగం జరిగిన పోరుకు విజేత ఉండకూడదు.

మాంచెస్టర్ వాన | సోమవారం తెల్లవారుజామున 2:15

నేను ఇంగ్లిష్ ప్రీమియర్ లీగు ఫాంటసీలో పదేళ్లుగా ముఖాముఖి ఆడుతున్నాను. అక్కడ దీనికి రాసిపెట్టిన పద్ధతి ఉంది. వాయిదా పడిన మ్యాచ్ పాయింట్లు ఎప్పుడు ఆడితే ఆ వారానికి వెళ్తాయి. పాత వారం ఆడినంతవరకే లెక్క. మ్యాచ్ లేని ఆటగాడికి సున్నా, అతని బదులు బెంచీ మీదివాడు వస్తాడు. గెలుపుకు 3, డ్రాకు 1.

కరోనా అనుభవం కూడా చెబుతాను. 2020 మార్చి 13న లీగు ఆగింది, జూన్ 17న తిరిగి మొదలైంది. మొదలయ్యే ముందు అందరికీ జట్టును ఎన్ని మార్పులైనా చేసుకోనిచ్చారు. మూడు నెలల కిందటి ఆలోచనతో కట్టిన జట్టును ఇప్పుడు ఆడించమనడం న్యాయం కాదు కదా! మీ విషయంలో అది ఇంకా స్పష్టం. బట్లర్ 2021 రెండో భాగానికి అసలు రాలేదు. గట్టు గారి జట్టులో కీలకమైనవాడు లేకుండా పాత వారాన్ని కొనసాగిస్తే అది ఆ వారం కాదు, వేరే వారం.

మా ఆటలో పోరు రుచి కూడా వేరుగా ఉంటుంది లెండి. ఒకే ఆటగాడు ఇద్దరి దగ్గరా ఉండవచ్చు, ఉంటే చెల్లుకు చెల్లు. 2018 మార్చి 17న వాట్‌ఫర్డ్‌పై లివర్‌పూల్ ఆటగాడు సలా నాలుగు గోల్స్ కొట్టి 29 పాయింట్లు తెచ్చాడు. నాకూ నా ప్రత్యర్థికీ ఇద్దరికీ సలా ఉన్నాడు. తేడా ఒక్కటే, నేను కెప్టెన్ చేశాను, అతను చేయలేదు. గెలిపించింది సలా కాదు, కెప్టెన్ గుర్తు. మీలా ఒక ఆటగాడు ఒక్కరికే సొంతమయ్యే లీగంటే నాకు కొంచెం అసూయగానే ఉంటుంది.

సాగరతీరం | సోమవారం ఉదయం 7:20

ఆ ఎనిమిది మందిలో నేనొకణ్ణి, విశాఖ నుంచి. పుస్తకం వాడికి ఇదివరకే చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. వాయిదా మ్యాచ్‌లు కలపాలి. జాబితా పంపడం అంటే ఆ వారానికి రాసి ఉన్న మ్యాచ్‌లకు మాట ఇవ్వడం. మ్యాచ్ తేదీ మారింది గానీ మ్యాచ్ మారలేదు. కోల్‌కతా–బెంగళూరు రెండో మ్యాచ్ మేలో జరిగినా సెప్టెంబరులో జరిగినా అదే మ్యాచ్.

బట్లర్ రాలేదన్నారు. నిజమే. గాయమైతే మాత్రం ఏం చేస్తాం? రాలేదంటే సున్నా. 2013 ఏప్రిల్ 23న నా ముఖాముఖి ఎవరితో పడిందో మావాళ్లందరికీ తెలుసు. గేల్ 66 బంతుల్లో 175 నాటౌట్, అతనే ఎదుటివాడి కెప్టెన్. మంగళవారం రాత్రికే నా వారం ముగిసిపోయింది. మిగిలిన మూడు రోజులూ నా జాబితా మార్చమని ఎవరినీ అడగలేదు. మాట ఇచ్చాక అంతే.

ఉప్పల్ ఉత్తరం | సోమవారం ఉదయం 8:02

సాగరతీరం గారూ, మాట ఇచ్చింది వారానికి. మీ నియమంలోనే శనివారం నుంచి శుక్రవారం దాకా అని ఉంది. అక్టోబర్ 8 ఏ లెక్కన మే 7లోపు వస్తుంది?

సాగరతీరం | సోమవారం ఉదయం 8:10

ఆ నియమం రాసిన రోజున టోర్నీ మధ్యలో ఆగి, నాలుగు నెలల తర్వాత వేరే దేశంలో మొదలవుతుందని ఎవరూ ఊహించలేదు.

కొండపల్లి బొమ్మ | సోమవారం మధ్యాహ్నం 1:35

మా అన్నయ్య విదేశం వెళ్తూ 2019లో తన జట్టును నాకు అప్పగించాడు. మా లీగులో అందరూ ఆయన ముఖాముఖి లెక్కలు కూడా నావేనన్నారు. ఒకరిపై 7–1 ఆధిక్యం, ఊరికే వచ్చేది. నేను వద్దన్నాను. ఆ ఏడు గెలుపుల కోసం రాత్రుళ్లు కూర్చున్నది అన్నయ్య, ఓడిపోయినందుకు బాధపడింది ఎదుటి మనిషి. వాటిలో నా చెయ్యి లేదు. నా వరుస సున్నా–సున్నాతో మొదలుపెట్టమన్నాను. ఈరోజు అతనితో నాది 3–4. ఆ 3 నావి.

అందుకే నా ప్రశ్న మీ అందరి ప్రశ్నకూ వేరు. ముఖాముఖి లెక్క లీగుది కాదు, ఆ ఇద్దరిది. ఇంతమంది రాశారు, మరి వాళ్లిద్దరూ ఏమంటున్నారు?

లెక్కలపుస్తకం | సోమవారం మధ్యాహ్నం 2:00

ఏమీ అనరు. నేను ఎప్పుడు ఎత్తినా ఇద్దరూ మాట మార్చేస్తారు. వాదించుకునేది మిగిలిన ఆరుగురమే.

పల్నాటి పుంజు | సోమవారం రాత్రి 10:20

ఇప్పుడే చదివాను. అందరికీ కృతజ్ఞతలు. ఇక నేను చెప్పాలి.

ఆ వారం నేను ఓడిపోయాను. గడిలో అలాగే రాయండి.

2021 ఏప్రిల్ 30 శుక్రవారం రాత్రి నేను గుంటూరులో ఆసుపత్రి వరండాలో ఉన్నాను. నాన్నగారు ఆక్సిజన్ మీద ఉన్నారు. లోపలికి రానివ్వరు, బయట కూర్చోవాలి. పదకొండింటికి ఫోను తీసి జాబితా పంపాను. ఆ వారం సన్‌రైజర్స్‌కు మ్యాచ్‌లు ఎక్కువ, కాబట్టి వార్నర్ కెప్టెన్. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ నేను వరండాలో లేను, మన హాస్టల్ మెస్సులో ఉన్నాను. అది నాకు ఎంత అవసరమైందో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు సన్‌రైజర్స్ వార్నర్‌ను తమ కెప్టెన్సీ నుంచి తీసేసిందని నాకు తెలియదు. తెలుసుకోకపోవడం నా లోపమే. జాబితా నాది, వార్నర్ నా ఎంపిక, ఆ సున్నా నాది. ఆ వారాన్ని రద్దు చేస్తే ఆ జాబితా పంపిన రాత్రి కూడా రద్దయినట్టు నాకు అనిపిస్తుంది. వద్దు.

గోదావరి గట్టు | సోమవారం రాత్రి 11:05

పుంజూ, నీకు తెలియనిది ఒకటి ఉంది.

శనివారం మధ్యాహ్నం కెప్టెన్ మార్పు ప్రకటన వచ్చింది. రాజస్థాన్‌పై విదేశీ ఆటగాళ్లను మారుస్తామని కూడా అందులో ఉంది. చూడగానే నీ జాబితా గుర్తొచ్చింది. నీకు నాలుగుసార్లు ఫోను చేశాను. నువ్వు ఎత్తలేదు, ఎందుకు ఎత్తలేదో నాకు తెలుసు. సాయంత్రం ఆరున్నర దాటాక పుస్తకానికి ఫోను చేశాను. "వాడి కెప్టెన్‌గా వార్నర్ బదులు పొలార్డ్‌ను పెట్టు, వాడి తరఫున నేను చెబుతున్నాను" అన్నాను. కుదరదన్నాడు.

ఆ రాత్రి పొలార్డ్ 87 పరుగులు, రెండు వికెట్లు. 137 పాయింట్లు. రెట్టింపైతే మరో 137. నా ఆధిక్యం 61. లెక్క నువ్వే వేసుకో. తొలి బంతి పడకముందే నేను పొలార్డ్ పేరు చెప్పాను కాబట్టి, ఆ వారం నీదే. ఆగినచోట తేల్చినా నీదే.

కొండపల్లి బొమ్మ | సోమవారం రాత్రి 11:20

లెక్కలపుస్తకం గారూ, ఇంత ముఖ్యమైన విషయం మీ మొదటి పోస్టులో ఎందుకు లేదు?

లెక్కలపుస్తకం | సోమవారం రాత్రి 11:52

రాయాల్సింది. రాయలేకపోయాను.

పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది. 2021 మే 1 పేజీలో నా చేతిరాత: "సా. 6:50. గట్టు ఫోను. పుంజు కెప్టెన్ వార్నర్ బదులు పొలార్డ్ చేయమన్నాడు. సొంతదారు చెప్పనిదే మార్చలేనన్నాను." ఒకరి జాబితా ఇంకొకరు మార్చిన ఉదాహరణ మా లీగులో లేదు. ఆరోజు ప్రత్యర్థి మంచికే అడిగాడు, రేపు ఇంకొకరు చెడుకు అడిగితే? అలా అనుకునే కాదన్నాను. పెట్టేశాక గంటసేపు ఫోను వంకే చూస్తూ కూర్చున్నాను. పుంజు తండ్రిగారి సంగతి నాకూ తెలుసు. పొలార్డ్ ఒక్కో సిక్సు కొడుతుంటే నాకు ఊపిరాడలేదు.

ఆ తర్వాతి వేలంలోనే ఉపకెప్టెన్ నియమం తెచ్చాను. కెప్టెన్ ఆడకపోతే రెట్టింపు ఉపకెప్టెన్‌కు వెళ్తుంది. ఎందుకు తెచ్చానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

సాగరతీరం | మంగళవారం ఉదయం 6:40

ఇన్నేళ్లుగా ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. నేను వాయిదా మ్యాచ్‌ల గురించి ఇంత వాదించాను, ఇప్పుడు ఆ వాదన పక్కన పెడుతున్నాను. తేలాల్సింది పొలార్డ్ సంగతి ఒక్కటే.

డల్లాస్ మేడ | మంగళవారం ఉదయం 8:15

నేను కూడా రద్దు మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా దగ్గర నిర్వాహకుడు ఒకరి జాబితాను మార్చవచ్చు, కానీ సొంతదారు స్వయంగా అడిగితేనే. ఆసుపత్రిలో ఉన్నా, విమానంలో ఉన్నా ఒక్క సందేశం ఉండాలి. ప్రత్యర్థి అడిగాడని మార్చడం ఎక్కడా వినలేదు. ప్రత్యర్థి అలా అడగడం కూడా ఎక్కడా వినలేదు.

మాంచెస్టర్ వాన | మంగళవారం ఉదయం 10:30

నిజం చెప్పాలంటే నా ప్రత్యర్థి విషయంలో నేను అలా ఫోను చేసేవాణ్ణి కాదేమో. నిన్న రాత్రి చదివినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను.

ఉప్పల్ ఉత్తరం | మంగళవారం ఉదయం 10:44

జాబితా మారలేదు కాబట్టి జాబితా ప్రకారమే. పుస్తకం గారు ఆరోజు చేసింది సరైన పనే. ఇబ్బందిగా ఉన్నా సరైనదే.

పల్నాటి పుంజు | మంగళవారం మధ్యాహ్నం 12:50

ఒరేయ్ గట్టూ, నాలుగు మిస్‌డ్ కాల్స్ చూశాను. నాన్న గురించి అడగడానికి చేశావనుకున్నాను. తిరిగి చేసినప్పుడు నువ్వు కూడా నాన్న గురించే అడిగావు, వార్నర్ మాట ఎత్తలేదు.

పొలార్డ్ పేరు నువ్వు చెప్పావు, నేను చెప్పలేదు. నిన్న రాత్రంతా ఆలోచించాను. ఆరోజు ఫోను ఎత్తి ఉన్నా నేను పొలార్డ్‌ను పెట్టేవాణ్ణి కాదు, సూర్యకుమార్‌ను పెట్టేవాణ్ణి. ఆ సీజన్లో నేను పొలార్డ్‌ను నమ్మలేదని నీకు బాగా తెలుసు, వేలంలో నువ్వే ధర పెంచి నాకు అంటగట్టావు. సూర్యకుమార్ ఆ రాత్రి ఎంత కొట్టాడో చూసుకో, 61కి దరిదాపుల్లో లేడు. కాబట్టి నువ్వు చెప్పిన గెలుపు కూడా నీదే, నా జట్టుతో నువ్వు గెలిచినట్టు. నా గెలుపులు ఎనిమిది. ఎనిమిదీ నేను పంపిన జాబితాలతో వచ్చినవి.

9–8 రాయండి.

గోదావరి గట్టు | మంగళవారం మధ్యాహ్నం 1:30

సూర్యకుమార్ సంగతి నిజమేనా, లేక నా కోసం చెబుతున్నావా?

పల్నాటి పుంజు | మంగళవారం మధ్యాహ్నం 1:34

2021లో అంతకుముందు నేను పంపిన జాబితాలు పుస్తకంలో ఉంటాయి. చూడమను. ముంబై ఆటగాణ్ణి కెప్టెన్ చేసిన ప్రతిసారీ సూర్యకుమారే.

లెక్కలపుస్తకం | మంగళవారం మధ్యాహ్నం 2:10

చూశాను. ఆ సీజన్లో అంతకుముందు మూడు వారాలు. ఒక వారం వార్నర్, రెండు వారాలు సూర్యకుమార్. పొలార్డ్ ఒక్కసారీ లేడు.

గడి నింపాను. 2021: గట్టు గెలుపు, 61 పాయింట్లు. మొత్తం 9–8. పక్కనే 6:50 ఫోను సంగతి కూడా ఎత్తి రాశాను, ఆ పేజీ ఫొటో మన గ్రూపులో పెడుతున్నాను.

పల్నాటి పుంజు | మంగళవారం సాయంత్రం 5:45

కాకినాడకు ఫోను చేసి కాజా చెప్పాను. ఇంత ఆలస్యమైంది కాబట్టి రెండు కిలోలు. రాజమండ్రి పాత చిరునామాయేనా?

గోదావరి గట్టు | మంగళవారం సాయంత్రం 6:02

పాతదే. కానీ ఇక్కడికి పంపకు, మీ ఇంటికే తెప్పించు. ఈసారి వేలం మీ ఇంట్లోనే కదా, ఒకరోజు ముందే వస్తాను. ఒక కిలో నాన్నగారికి ఇచ్చేయ్. కిందటి వేలంలో నా పక్కన కూర్చుని తిలక్ వర్మ ధర నాతో పెంచించింది ఆయనే, ఆ లెక్క ఆయనతో తేల్చుకోవాలి.